సమీకరణముల సూక్ష్మీకరణము – మితుల పరీక్ష

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్ర గ్రంథమును తెరచిన విద్యార్థికి చలనము, బలము, శక్తి అను విషయములు చక్కగా పరిచితములు కాకపూర్వమే ప్రమాణములు, మితులు అను అధ్యాయము ఎదురగును. బలమునకు మితి ఫార్ములా ఏది, స్నిగ్ధతా గుణకమునకు ఏది, తలతన్యతకు ఏది అను పట్టికను అతడు కంఠస్థము చేయును. రెండు మూడు సమీకరణములు సరియైనవో కావో తేల్చి చూపును. లఘులోలకపు ఆవర్తన కాలమునకు సూత్రమును రాబట్టును. అధ్యాయము ముగియును, దానితో మితుల ప్రసక్తియు ముగియును. అటుపిమ్మట ఏండ్ల తరబడి పుటలకొలది బీజగణితము సాగించి, సమీకరణములను సూక్ష్మీకరించి, తుది ఫలమును గ్రంథాంతమునందలి జవాబుతో సరిచూచుకొనునే గాని, జవాబు కుదరనప్పుడు ఏ పంక్తియందు పొరపాటు దొర్లెనో కనుగొనుటకు మొదటి నెలలోనే తన చేతికి వచ్చిన సాధనమును స్మరింపడు. భౌతిక సమీకరణమును సూక్ష్మీకరించునప్పుడు మితుల సజాతీయతను పరీక్షించుట యనగా నేమి, ఆ పరీక్ష ఏ తప్పులను పట్టును, వేనిని విడుచును, ఎచ్చట నిర్వీర్యమగును అను ప్రశ్నలను ఈ వ్యాసమున సమగ్రముగా పరిశీలింపవలెనని నా సంకల్పము. ఈ పరీక్ష పంక్తి పంక్తికిని జరుగవలెననియు, రాశులు అక్షరరూపమున నున్నంతవరకే దానికి బలము గలదనియు నా నిశ్చయము. ఇకముందు వ్రాయునది ఆ నిశ్చయమునకు గల హేతువులను చూపుటకే.

ఒక సమీకరణమున కూడికచేతను తీసివేతచేతను కలిసియున్న పదములన్నియు ఒకే మితి గలవై యుండవలెను. సమానచిహ్నమునకు ఇరువైపులను ఆ మితియే నిలువవలెను. నేడు స్వయంసిద్ధముగా తోచు ఈ నియమము శాస్త్రమున స్థిరపడుటకు చాలకాలము పట్టినది. గెలీలియో కాలమునకును కాలమునకును గల నిష్పత్తిని దూరమునకును దూరమునకును గల నిష్పత్తితో పోల్చెనే గాని, దూరమును కాలముచే భాగించి ఆ లబ్ధమును ఒక రాశిగా ఎంచలేదు. గ్రీకు జ్యామితి నుండి వచ్చిన ఆ నిష్ఠయే విజాతీయ రాశుల సాంకర్యము నుండి అతనిని కాపాడినది. బీజగణితము వ్యాపించి, రాశులన్నియు కేవలము సంఖ్యలుగా చెలామణి యైన పిమ్మట ఆ కట్టుబాటు సడలినది. దానిని మరల, స్పష్టతర రూపమున, నెలకొల్పినవాడు ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే. 1822లో వెలువడిన తన ఉష్ణసిద్ధాంత గ్రంథమున అతడు ఉష్ణవాహకత్వము, విశిష్టోష్ణము వంటి కొత్త రాశులను సమీకరణములలో ప్రవేశపెట్టవలసి వచ్చినది. ప్రతి రాశికిని దానికే చెందిన మితి గలదనియు, ఘాతములు ఏకరూపముగా లేని పదములను పరస్పరము పోల్చుటకు వీలులేదనియు అతడు ప్రతిపాదించి, తన సమీకరణములను ఆ ఒరపిడికి తానే పెట్టి చూపెను. మాక్స్‌వెల్ 1863లో ఫ్లీమింగ్ జెంకిన్‌తో కలిసి విద్యుత్ ప్రమాణములను గూర్చి వ్రాసిన నివేదికలోను, 1873 నాటి విద్యుదయస్కాంత గ్రంథములోను ద్రవ్యరాశి, దైర్ఘ్యము, కాలములను మూలములుగా గ్రహించి, తక్కిన రాశుల మితులను వానితో వ్యక్తము చేయు పద్ధతిని స్థిరపరచెను. మన విద్యార్థులు ‘ఎం ఎల్ టి’ యని వల్లించునది ఆ వారసత్వమే.

నియమము సత్యమగుటకు హేతువు ప్రకృతియందు కంటె మన కొలతల స్వభావమునందు కలదు. అడుగు, మీటరు, సెకను, నిమిషము మనము నిర్ణయించుకొన్నవి. పడుచున్న రాయికి అవి తెలియవు. కావున ఒక సమీకరణము రాతి పతనమును నిజముగా వర్ణించుచున్నచో, మీటర్లను అడుగులుగా మార్చినప్పటికిని అది చెడరాదు. ప్రమాణమును మార్చగా ఒక్కొక్క పదము తన మితికి తగిన గుణకముచే పెరుగును, లేదా తరుగును. అన్ని పదముల మితి ఒకటే యైనచో గుణకమును ఒకటే యై సమీకరణము నిలుచును. మితులు భిన్నములైనచో గుణకములు భిన్నములై సమీకరణము భగ్నమగును. హార్వర్డు ఆచార్యుడు పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1922లో ఈ విషయముపై వ్రాసిన చిన్న గ్రంథమున ఒక చిత్రమైన ఉదాహరణము కలదు. నిశ్చలస్థితి నుండి పడు వస్తువునకు వేగము త్వరణ కాలముల లబ్ధము. దూరము త్వరణమును కాలవర్గమును గుణించినదానిలో సగము. ఈ రెండు సమీకరణములను కూడినచో, వేగమును దూరమును ఎడమవైపున కలిసి, సజాతీయత లేకయే సత్యమైన సమీకరణ మొకటి ఏర్పడును! రూపాయలను గజములతో కూడినట్టి ఈ సమీకరణము ప్రమాణములను మార్చినను సత్యమే. ఏలయన అందులో రెండు సమీకరణములు విడివిడిగా జీవించుచున్నవి, ఒక్కొక్కటి తన మితిచే వేరుచేయదగి యున్నది. సజాతీయత లోపించిన సమీకరణము కనబడినప్పుడు మూడే మార్గములు గలవు: అది తప్పై యుండవలెను, లేదా రెండు సత్యములను అకారణముగా ముడివేసినదై యుండవలెను, లేదా దానిలో ఏదో ఒక రాశి ‘ఒకటి’ అను సంఖ్యగా మారి అదృశ్యమై యుండవలెను.

ఈ మూడవ మార్గమే అత్యంత ప్రమాదకరము. దానికి మన ఇంటర్మీడియట్ విద్యార్థులందరును ఎరిగిన దృష్టాంత మొకటి గలదు. సమత్వరణముతో చలించు వస్తువు ఎన్‌వ సెకనులో పోవు దూరమునకు ‘యు + ఏ(ఎన్ − ½)’ అని సూత్రము. యు తొలివేగము, ఏ త్వరణము. ఎడమవైపున దూరము, కుడివైపున మొదటి పదము వేగము. రెండవ పదమునందలి ఎన్‌ను కాలమని తలచినచో అదియు వేగమే యగును, సంఖ్యయని తలచినచో త్వరణమే యగును. అర మాత్రము నిస్సందేహముగా సంఖ్య. ఎట్లు చూచినను దూరము రాదు. అయినను సూత్రము తప్పు కాదు, పరీక్షలలో దానితో సరియైన జవాబులే వచ్చుచున్నవి. తీక్షణబుద్ధి గల విద్యార్థి ఈ చిక్కును తరగతిలో ఎత్తి చూపినప్పుడు ‘ఇది ప్రత్యేక సూత్రము, దీనికి మితులు వర్తింపవు’ అను సమాధానము వినవచ్చుచుండును. ఆ సమాధానము శాస్త్రమునకు అపచారము. ఎన్ సెకనులలో పోయిన దూరము నుండి అంతకు ఒక సెకను తక్కువలో పోయిన దూరమును తీసివేసి ఈ సూత్రమును సాధించితిమి గదా. ఆ తీసివేతలో ‘ఒక సెకను’ అను కాలవ్యవధిని 1 అని వ్రాసి, గుణకారములో 1 కనబడదు కావున దానిని విడిచితిమి. ఆ వ్యవధికి ‘టౌ’ అను పేరు పెట్టి, ఎన్‌ను వ్యవధుల సంఖ్యగా మాత్రమే గ్రహించి మరల గణించినచో ‘యు టౌ + ఏ టౌ² (ఎన్ − ½)’ అని వచ్చును. మొదటి పదము దూరము, రెండవది దూరము, చిక్కు విడిపోయినది. ఇది కేవలము లాంఛనము కాదని తెలియుటకు ఒక లెక్క చాలును. నిశ్చలస్థితి నుండి సెకను సెకనుకు 10 మీటర్ల త్వరణముతో బయలుదేరిన వస్తువు కాలమును రెండేసి సెకనుల వ్యవధులుగా విభజించి, అయిదవ వ్యవధిలో అది పోవు దూర మెంతయని అడిగినచో, కంఠస్థ సూత్రము 45 మీటర్లని చెప్పును. టౌ గల సూత్రము 180 మీటర్లని చెప్పును. ఎనిమిదవ సెకను నుండి పదవ సెకను వరకు పోవు దూరమును సాక్షాత్తుగా గణించినను 180 మీటర్లే వచ్చును. అదృశ్యమైన ఒక్క సెకను జవాబును నాలుగవ వంతునకు దింపినది.

అక్షరములకు మారుగా సంఖ్యలను ముందుగా ప్రతిక్షేపించుట కూడ ఇట్టిదే. ద్రవ్యరాశి 2 కిలోగ్రాములు, వేగము సెకనుకు 3 మీటర్లు అని లెక్కలో ఇచ్చియున్నప్పుడు, మొదటి పంక్తిలోనే ఆ సంఖ్యలను వ్రాసినవానికి తరువాతి పంక్తులలో 6 అనియు 18 అనియు అంకెలు మాత్రము మిగులును. అవి బలములో, శక్తులో చెప్పుటకు ఆధార ముండదు. ద్రవ్యరాశి 1 కిలోగ్రాము అని ఇచ్చినచో మరియు కష్టము, ఆ రాశి కాగితముపై జాడ లేకయే మాయమగును. కడపటి పంక్తివరకు అక్షరములనే నిలుపుకొని, ఫలము సూక్ష్మరూపమునకు వచ్చిన పిమ్మట ఒక్కసారిగా సంఖ్యలను వేయవలెనని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు చెప్పుదురు. ఆ ఉపదేశమునకు శ్రమ తగ్గునను కారణమునే వారు తరచుగా చూపుదురు. దానికంటె బలవత్తరమైన కారణము, అక్షరములున్నంతవరకే మితులు బ్రతికియుండుట.

ఇక పరీక్షించు విధానము. సమీకరణమంతటి మితిని ప్రతిసారి గణింపనక్కరలేదు. కూడిక గుర్తుగాని తీసివేత గుర్తుగాని కనబడిన ప్రతిచోటను ఆగి, దానికి ఇరువైపుల నున్న పదములు సజాతీయములా యని చూచిన చాలును. కుండలీకరణము లోపలి మొత్తము కూడ స్వతంత్రముగా పరీక్షింపదగినదే. కప్పీమీదుగా వ్రేలాడు రెండు ద్రవ్యరాశుల త్వరణమును కప్పీ జడత్వమును సైతము లెక్కించి సాధించినప్పుడు, హారమున రెండు ద్రవ్యరాశులతోపాటు జడత్వ భ్రామకమును వ్యాసార్ధ వర్గముచే భాగించిన పదము చేరును. సూక్ష్మీకరించుచు వ్యాసార్ధ వర్గమును జారవిడిచినవాడు ద్రవ్యరాశికి జడత్వ భ్రామకమును కూడినవాడగును. ఆ హారమును మాత్రము చూచియే, లవమును చూడకయే, తప్పును పట్టవచ్చును. ప్రక్షేపకపు మార్గ సమీకరణమును తీసికొందము. క్షితిజలంబ సమీకరణములనుండి కాలమును తొలగింపగా, ఎత్తు రెండు పదముల భేదముగా వచ్చును: మొదటిది క్షితిజ దూరమును కోణపు టాంజెంటుచే గుణించినది; రెండవది గురుత్వ త్వరణమును క్షితిజ దూర వర్గముచే గుణించి, వేగవర్గమునకును కొసైను వర్గమునకును గల లబ్ధమునకు రెట్టింపుచే భాగించినది. తొందరలో దూరమును వర్గము చేసి వేగమును వర్గము చేయుట మరచినచో, ఆ పదము దైర్ఘ్య వర్గమును కాలముచే భాగించిన మితి గలదై, ప్రక్కనున్న దైర్ఘ్యముతో పొసగక, వ్రాసిన చేయి కాగితము విడువకముందే దొరకిపోవును. అదే విద్యార్థి హారమునందలి 2 ను గాని, కొసైను మీది వర్గమును గాని మరచియున్నచో మితులు అతనిని హెచ్చరింపవు. అందుచేత మితుల పరీక్షకు ప్రక్కనే అవధుల పరీక్షను నిలుపుట మంచిది: కోణము సున్న యైనప్పుడు సూత్రము క్షితిజముగా విసరిన రాతి సూత్రముగా మారుచున్నదా? గురుత్వము లేనిచో మార్గము సరళరేఖ యగుచున్నదా? ఈ రెండు పరీక్షలును కలిసి తప్పులలో పెక్కింటిని పట్టును, కొసైను వర్గము వంటివి మాత్రము మిగులవచ్చును.

ఘాతాంక, సంవర్గమాన, సైన్ ప్రమేయముల విషయమున పరీక్ష మరింత పదును గలది. ఇ అను సంఖ్యకు ఘాతముగా నుంచిన రాశిని శ్రేణిగా విస్తరించినచో ఒకటి, ఆ రాశి, దాని వర్గములో సగము, ఇట్లు పదములు కూడుచు పోవును. ఆ రాశికి మితి యేదైన నున్నచో సంఖ్యను దైర్ఘ్యముతోను, దైర్ఘ్యమును దాని వర్గముతోను కూడవలసి వచ్చును. కావున అట్టి ప్రమేయముల లోపల నుండునది శుద్ధ సంఖ్యయే కావలెను. గాలిలో పడుచున్న చిన్న నీటిబిందువుపై భారము క్రిందికి, వేగమునకు అనులోమానుపాతమున నుండు నిరోధము మీదికి పనిచేయుచున్నవని అనుకొందము. నిరోధ గుణకము ‘బి’ బలమును వేగముచే భాగించినది. అనగా ద్రవ్యరాశిని కాలముచే భాగించిన మితి గలది. ఈ ఒక్క సంగతి తెలిసినచో అవకల సమీకరణమును సాధింపకయే, ద్రవ్యరాశిని ‘బి’చే భాగింపగా ఒక కాలమును, భారమును ‘బి’చే భాగింపగా ఒక వేగమును లభించుననియు, బిందువు ఆ వేగమును సమీపించుటకు పట్టు కాలపు పరిమాణము ఆ కాలమే యనియు ఊహింపవచ్చును. సాధించునప్పుడు ఘాతస్థానమున ‘బి’ని కాలముచే మాత్రము గుణించి, ద్రవ్యరాశిచే భాగించుట మరచినవాని తప్పు అచ్చటనే బయటపడును.

ఇచ్చట జిజ్ఞాసువులను తరచుగా బాధించు సందేహ మొకటి కలదు. ఆ సమీకరణమును సమాకలనము చేయునప్పుడు, భారమునుండి నిరోధమును తీసివేసిన భేదమునకు సంవర్గమానము వ్రాయవలసి వచ్చును. ఆ భేదము బలము. బలమునకు సంవర్గమాన మేమిటి? సందేహము న్యాయమైనదే. సమాకలన స్థిరాంకమును గుర్తించు తరువాతి పంక్తిలో భారముయొక్క సంవర్గమానము మరియొక చోట ప్రత్యక్షమై, రెండు సంవర్గమానముల భేదము రెండు బలముల నిష్పత్తికి సంవర్గమానమై, మితి తొలగిపోవును. అనగా నడిమి పంక్తియందలి అపచారము, స్థిరాంకము తనలో దాచుకొన్న సమానమైన అపచారముచే సరిపడినది. గణితము దీనిని సహించును. కాని మితులనే దీపముగా పట్టుకొని నడుచువానికి ఆ ఒక్క పంక్తియందు చీకటి క్రమ్మును. అనిశ్చిత సమాకలనమును విడిచి, మొదటినుండియు అవధులతో సమాకలనము వ్రాసినచో ఈ అవస్థ తప్పును. బోధించువారు ఈ రెండవ మార్గమునే అవలంబింపవలెనని నేను గట్టిగా కోరుదును.

సూక్ష్మీకరణమున బీజగణితము ఒక భాగము. అల్పపదములను విడుచుట మరియొక భాగము. ఇందులో జరుగు పొరపాట్లు మితులతో మరింత గాఢముగా ముడివడినవి. ‘ఎత్తు చిన్నది కావున దాని వర్గమును విడువవచ్చును’ అని వ్రాయుట మన గ్రంథములలో పరిపాటి. ఎత్తు దేనికంటె చిన్నది? మితి గల రాశి తనంత తాను చిన్నదియు పెద్దదియు కానేరదు. 8,849 మీటర్ల ఎవరెస్టు ఎత్తును కిలోమీటర్లలో వ్రాసినచో 9 కంటె తక్కువ, మిల్లీమీటర్లలో వ్రాసినచో 88 లక్షలకు పైమాట. భూవ్యాసార్ధముతో పోల్చినప్పుడే అది చిన్నది. శిఖరముపై గురుత్వ త్వరణము ఎత్తును భూవ్యాసార్ధముచే భాగించిన నిష్పత్తికి రెట్టింపు వంతున తగ్గునని వ్రాసినచో, ఆ తగ్గుదల వేయింట మూడు పాళ్ళకు లోపు అని వెంటనే తెలియును, ఎంతవరకు ఆ ఉజ్జాయింపు చెల్లునో కూడ తెలియును. ద్రవగతిశాస్త్రమున ఈ వివేకము మరింత అవసరము. నీటి స్నిగ్ధత చిన్నదనుటకు అర్థము లేదు. సాంద్రత, వేగము, గొట్టపు వ్యాసముల లబ్ధముతో పోల్చినప్పుడే దానికి చిన్నతనమో పెద్దతనమో కలుగును. మాంచెస్టరులో గాజుగొట్టములలో రంగునీటి ధారను పరిశీలించి 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ వెలికి తీసిన నిష్పత్తి అదియే. ఆ నిష్పత్తి ఎంత పెద్దదైనను గోడను అంటియున్న పలుచని పొరలో స్నిగ్ధత పదమును విడువరాదని 1904లో హైడెల్బర్గ్ గణిత మహాసభలో ప్రాంట్ల్ చూపెను. ఏలయన అచ్చట పోల్చదగిన దైర్ఘ్యము గొట్టపు వ్యాసము కాదు, పొర మందము.

ఇంతవరకు మితులను కాపాడుకొనుటను గూర్చి చెప్పితిని. కాని సైద్ధాంతిక భౌతికవేత్తలు బుద్ధిపూర్వకముగనే వానిని విసర్జించు పద్ధతి ఒకటి కలదు. కాంతివేగమును 1గా గ్రహించినచో శక్తి వర్గము ద్రవ్యవేగ వర్గమునకును ద్రవ్యరాశి వర్గమునకును మొత్తమగును. సమీకరణములు కురుచవై, దృష్టి తత్త్వముపై నిలుచును. పోగొట్టుకొన్న కాంతివేగమును తుదిని మరల నిలుపుటకు మితులే దారి చూపును: శక్తి మితి రావలెనన్నచో ద్రవ్యవేగమునకు కాంతివేగమును ఒకసారి, ద్రవ్యరాశికి రెండుసార్లు చేర్చవలెను, వేరు మార్గము లేదు. కృష్ణబిలపు వ్యాసార్ధము గురుత్వ స్థిరాంకమునకును ద్రవ్యరాశికిని గల లబ్ధమునకు రెట్టింపు అని కురుచగా వ్రాసినప్పుడు, ఆ లబ్ధపు మితి దైర్ఘ్యఘనమును కాలవర్గముచే భాగించినది కావున, వేగవర్గముచే భాగించినగాని దైర్ఘ్యము రాదు. అట్లు భాగింపగా సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 3 కిలోమీటర్లు వచ్చును. పునఃప్రతిష్ఠ సుకరమే. అయినను నడుమ దారిలో జరిగిన పొరపాటును పట్టు శక్తి ఈ పద్ధతిలో నశించినదను మాట మరువరాదు. కాంతివేగమును తీసివేసినవాడు వేగమును శుద్ధ సంఖ్యతో కూడినను సమీకరణము మౌనముగా నుండును. ప్రతి పంక్తిని వేరు మార్గమున సరిచూచుకొనగల నిపుణులకు అది సౌకర్యము. విద్యార్థికి ఆ సౌకర్యమును తొందరపడి అలవరచుట మేలు కాదు.

పరీక్షకు అందని తప్పులను గూర్చియు నిష్పక్షపాతముగా చెప్పవలెను. శుద్ధ సంఖ్యా గుణకములు దానికి కనబడవని చెప్పియే యుంటిని, చిహ్నములును కనబడవు. టార్కునకును శక్తికిని మితి ఒకటే. ఒకదానికి బదులు మరియొకటి వ్రాసినను పరీక్ష ఊరకుండును. ఈ లోపమునకు మూలము కోణమును మితి లేని రాశిగా ఎంచుటయందు కలదు. 1995లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ రేడియనును మితి లేని ఉత్పన్న ప్రమాణముగా నిర్ణయించినను, కోణమునకు స్వతంత్ర మితి నీయవలెనను వాదము నేటికిని సమసిపోలేదు. హంట్లీ అను రచయిత 1952లో వేరొక దిద్దుబాటును సూచించెను: క్షితిజ దైర్ఘ్యమును ఊర్ధ్వ దైర్ఘ్యమును రెండు వేర్వేరు మితులుగా గ్రహింపుమనెను. అప్పుడు ప్రక్షేపకపు వ్యాప్తి క్షితిజ వేగ, ఊర్ధ్వ వేగముల లబ్ధమును గురుత్వ త్వరణముచే భాగించిన దానికి అనుపాతమున నుండునని మితులే చెప్పును. క్షితిజ వేగ వర్గమును వ్రాసిన పొరపాటును సామాన్య పరీక్ష క్షమించును, ఇది క్షమింపదు. దిశలు స్పష్టముగా వేరుపడియున్న లెక్కలలో ఈ పద్ధతి చక్కగా ఉపకరించును.

ప్రమాణముల తప్పును మితుల తప్పుగా భ్రమించుట కూడ తరచుగా జరుగుచున్నది. 1999 సెప్టెంబరు 23న అంగారక గ్రహమును సమీపించి నశించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథను మితి విశ్లేషణ ఆవశ్యకతకు నిదర్శనముగా పలువురు వ్రాయుచుందురు. అచ్చట జరిగినది వేరు. ఒక గణన కార్యక్రమము ప్రచోదనమును పౌండు–సెకనులలో ఇచ్చినది, దానిని గ్రహించినవారు న్యూటన్–సెకనులుగా తలచిరి, సుమారు 4.45 రెట్ల భేదము కలిగినది. రెండును ప్రచోదనమునకే ప్రమాణములు, రెంటి మితియు ఒకటే. మితుల పరీక్ష వేయి సార్లు జరిపినను ఆ భేదము కనబడి యుండెడిది కాదు. సంఖ్య ప్రక్కన ప్రమాణమును విధిగా వ్రాయుట యను వేరొక క్రమశిక్షణ అచ్చట లోపించినది.

మూలమితులు ఎన్ని యను ప్రశ్న పండితులను చిరకాలముగా వివాదములోనికి దింపినది. ప్రవహించు ద్రవములో ఉంచిన వేడి వస్తువు కోల్పోవు ఉష్ణమును గూర్చి 1915లో లార్డ్ రాలే ‘నేచర్’ పత్రికలో వ్రాయుచు, దైర్ఘ్య కాలములతోపాటు ఉష్ణోగ్రతను, ఉష్ణమును స్వతంత్ర మితులుగా గ్రహించి, ఒకే ఒక చలరాశిపై ఆధారపడు ప్రమేయముగా ఫలమును తేల్చెను. ఉష్ణోగ్రత అణువుల శక్తియే గదా, అట్లు గ్రహించినచో మూలమితులు తగ్గి, ప్రమేయము రెండు చలరాశులపై ఆధారపడి, ఫలము బలహీనమగునే యని రష్యను శాస్త్రజ్ఞుడు రియాబుషిన్స్కీ ఆక్షేపించెను. ఉష్ణ స్వభావమును గూర్చి అధికముగా తెలిసికొన్నందున మన స్థితి హీనమగుట విచిత్రమని రాలే బదులిచ్చెను. నేడు మనము చెప్పదగిన సమాధానము సూక్ష్మీకరణ దృష్టినుండియే వచ్చును: అణుచలనమును ఉష్ణోగ్రతతో ముడివేయు స్థిరాంకము ఆ సమస్య సమీకరణములలో ఎచ్చటను రాదు, రానప్పుడు ఆ రెండు మితులను వేరుగా నుంచుట న్యాయ్యము, లాభకరము. మూలమితులను సమస్య స్వభావమును బట్టి ఎన్నుకొనవలెను. 2002లో ఓకున్, వెనెజియానో, డఫ్ అను ముగ్గురు భౌతికవేత్తలు కలిసి ప్రకటించిన చర్చలో మౌలిక స్థిరాంకములు మూడని ఒకరు, రెండని ఒకరు, ఒక్కటియు లేదని ఒకరు వాదించిరి. ముగ్గురును తమ పట్టు విడువలేదు.

తెలుగుదేశమున చెరువులకును కలుజులకును లెక్కలు కట్టిన ఇంజనీర్లకు సజాతీయత లేని సూత్రములతో నిత్య పరిచయము కలదు. మద్రాసు రాజధానిలో వాడుకకు వచ్చిన రైవ్స్ సూత్రము గరిష్ఠ వరద ప్రవాహమును పరీవాహక వైశాల్యముయొక్క మూడింట రెండు వంతుల ఘాతమును ఒక స్థిరాంకముచే గుణించి చెప్పును. ఆ స్థిరాంకము నిజముగా సంఖ్య కాదు. దైర్ఘ్యమునకు మూడింట అయిదు వంతుల ఘాతమును కాలముచే భాగించిన మితి దానియందు ఇమిడియున్నది. చదరపు మైళ్ళకు క్యూసెక్కులుగా లెక్కించునప్పుడు 450గా నున్న గుణకము, చదరపు కిలోమీటర్లకు ఘనమీటర్లుగా లెక్కించునప్పుడు 6.75 అగుట అందువలననే. కాలువల వేగమునకు ప్రపంచమంతట వాడబడు మానింగ్ సూత్రమున అడుగులకు మారినప్పుడు 1.49 అను గుణకము పొడచూపుటకును కారణ మదియే. ఇట్టివి అనుభవమునుండి పుట్టిన సూత్రములు, ఉపయుక్తములు, వానిని తృణీకరింపరాదు. కాని వానిని ఇతర సమీకరణములలో ప్రతిక్షేపించి సూక్ష్మీకరింపబూనినప్పుడు, స్థిరాంకమునకు దాని మితిని ప్రక్కన వ్రాసి పెట్టుకొననివానికి ఆ పిమ్మటి పంక్తులలో మితుల పరీక్ష అబద్ధ సాక్ష్యమిచ్చును.

ఈ సాధనము దోషములను పట్టుటకే పరిమితమైనది కాదని చూపుటకు జి. ఐ. టేలర్ గణనము నొకదానిని స్మరింతును. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో జరిగిన అణుపేలుడు ఛాయాచిత్రములు తరువాత ప్రకటితములు కాగా, ఆయన వానియందు అగ్నిగోళపు వ్యాసార్ధమును కాలమును కొలిచెను. పేలుడు శక్తిని గాలి సాంద్రతచే భాగింపగా ద్రవ్యరాశి తొలగి, దైర్ఘ్యమునకు అయిదవ ఘాతమును కాలవర్గముచే భాగించిన మితి మిగులును. దానిని కాలవర్గముచే గుణించినచో దైర్ఘ్యపు అయిదవ ఘాతమే. అనగా వ్యాసార్ధపు అయిదవ ఘాతము కాలవర్గమునకు అనుపాతమున పెరుగవలెను. 25 మిల్లీసెకనుల వద్ద సుమారు 140 మీటర్ల వ్యాసార్ధమును తీసికొని, గుణకమును 1గా నెంచి లెక్కించినచో 25 కిలోటన్నులు వచ్చును. గుణకమును వాయుగతిశాస్త్రముచే సాధించి 1950లో టేలర్ ప్రకటించిన విలువ సుమారు 17 కిలోటన్నులు. వాస్తవ శక్తి 20 కిలోటన్నులకు పైచిలుకు. రెండు పంక్తుల లెక్క అంత దగ్గరకు తీసికొనిపోయినది.

ప్రవేశ పరీక్షలకు శిక్షణ పొందు మన పిల్లలు నాలుగు జవాబులలో మితి కుదరని రెంటిని చూచీ చూడగనే కొట్టివేయు మెలకువను ఎరుగుదురు. ఆ మెలకువ వారికి తుదిజవాబు వద్దనే ఉపకరించుచున్నది. దానిని వెనుకకు, మొదటి పంక్తివరకు, తీసికొనిపోవుట ఉపాధ్యాయుల చేతిలో నున్నది. భౌతికశాస్త్రము బోధించువారికి నా విన్నప మొకటి: ఉత్పాదనము వ్రాయించునప్పుడు కాగితపు కుడి అంచున సన్నని నిలువుగీత గీయించి, ప్రతి పంక్తికి ఎదురుగా దాని మితిని వ్రాయింపుడు, లెక్క తప్పినను, మితి చెడిన పంక్తిని తానే గుర్తించి సున్నచుట్టిన విద్యార్థికి అర మార్కైనను ఇండు.